చిన్న ఫ్రేము, గుండ్రని మూల

పొయ్యిలో కట్టెలు అంటుకున్నాక, కాఫీ ఇంకా మరగక ముందు, ఆర్లో ట్రెమెయిన్ రోజూ చేసే పని ఒకటుండేది. బైబిలు పక్కన ఫ్లానెల్ గుడ్డలో చుట్టి పెట్టిన ఇనుప ముక్కను తీసి, వంటింటి బల్ల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, కుడిచేతి బొటనవేలిని దానిమీద మెల్లగా నడిపించేవాడు. రెండు వైపులా ఉన్న గుండ్రటి బుగ్గల మీదుగా, అంచుల వెంట, చివరికి లోపలి మూలలోకి. వేలు ఆ మూలలో కాసేపు ఆగేది. తర్వాత ముక్కను మళ్లీ గుడ్డలో చుట్టి, చేతులు జోడించి ప్రార్థన చేసుకునేవాడు.

"ముందు దేవుడికి దణ్ణం పెట్టాలా, ఇనుముకా?" అని భార్య ఐడెల్లా పెళ్లయిన కొత్తలో దెప్పేది.

"వేళ్లు మొద్దుబారి ఉంటాయే పొద్దున. వాటిని ముందు నిద్రలేపితే ప్రార్థనకి అవీ వస్తాయి" అనేవాడు ఆర్లో.

పక్కింటి వెర్నాకి తన వంటింటి కిటికీలోంచి ఇదంతా కనిపించేది. ఊళ్లోని తుపాకీల ఫ్యాక్టరీలో దస్తాల మీద చేతిపట్టు కోసం గళ్లు చెక్కే పని ఆమెది. ఆర్లో ముక్కను గుడ్డలో చుట్టేదాకా ఆమె తన కుక్కను వాకిట్లోకి వదిలేది కాదు. అది మొరిగితే ఆయన కళ్లు తెరుస్తాడని. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అలాంటి మర్యాదలు మా హెరాన్ ఫాల్స్‌లో చాలానే ఉండేవి. వాటితోనే ఊరు నడిచిందని నా నమ్మకం. వాటి మాటునే కొన్ని చెడ్డ పనులు కూడా చెల్లిపోయాయని చెప్పక తప్పదు.

ఆ ముక్క తుపాకీ ఫ్రేము. జంట గొట్టాల తుపాకీకి అది నడుములాంటిది. వెనక చెక్క దస్తా, ముందు గొట్టాలు, రెండింటినీ పట్టి ఉంచేది అదే. దాని ఆకారం చిన్న గదిలో ఒక వైపులా ఉంటుంది: ముందుకు చాచిన నేల, వెనక నిలబడ్డ గోడ. గొట్టాలు నేలమీద పడుకుని గోడకు ఆనుకుంటాయి. తూటా పేలినప్పుడు ఆ దెబ్బంతా గోడ మీద పడుతుంది. గోడ వెనక్కి, నేల ముందుకు లాగుతాయి. ఆ రెండూ కలిసే మూలే లాగుడంతా భరించాలి.

ఫ్యాక్టరీ మంచి రోజుల్లో మూడు సైజుల ఫ్రేములు చేసేది. సరస్సు మీద పెద్ద బాతుల కోసం బరువైన పన్నెండో నంబరు తుపాకీలకి పెద్దది, పదహారో నంబరుకి నడిమిది, పొదల్లోంచి బుర్రున లేచే అడవికోళ్ల కోసం సన్నటి ఇరవయ్యో నంబరుకి చిన్నది. గొట్టం లావు తగ్గేకొద్దీ నంబరు పెరగడం ఈ పనిలో ఆనవాయితీ. ఫ్రేము సమ్మెట కింద మొరటుగా వచ్చేది. దాన్ని వైస్‌లో బిగించి, ఆకురాయితో ఆకారం తేవడం ఆర్లో పని. బుగ్గలు ఎంత గుండ్రంగా ఉండాలి, అంచు ఎక్కడ సన్నబడాలి అన్నదానికి కొలబద్దలు కొంతవరకే పనికొచ్చేవి. ఆపైన కన్నూ, వేలూ.

మూడింట్లో చిన్న ఫ్రేమంటే ఆర్లోకి ప్రాణం. పెద్దదాన్ని చెక్కడం గుర్రాన్ని మాలిష్ చెయ్యడం లాంటిదనీ, చిన్నది అప్పుడే పుట్టిన బిడ్డకి నీళ్లు పొయ్యడం లాంటిదనీ ఒకసారి అన్నాడట. బిడ్డలు లేని ఇంట్లో ఆ మాట ఐడెల్లాకి గుచ్చుకుందేమోనని తర్వాత చాలాకాలం బాధపడ్డాడు. ఆమె మాత్రం నవ్వేసి ఊరుకుంది.

పని పూర్తయ్యాక చెక్కినవాడు తన గుర్తు కొట్టుకోవడం మా ఊరి వాడుక. ఫ్రేము నేలమీద, సైజు నంబరు పక్కన, గొట్టాలు తీస్తేనే కనిపించేచోట. ఆర్లో గుర్తు పిట్టకాలు, మూడు చిన్న గీతలు. కొన్నవాడికి అదేమిటో తెలియదు. మా ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. ఎందుకంటే ఏటా నవంబరులో చర్చి కింది హాల్లో వేటవిందు జరిగేది. మగవాళ్లు తుపాకీలు తెచ్చి, గొట్టాలు ఊడదీసి, ముక్కలు ముక్కలుగా పొడవాటి బల్లమీద పరిచేవాళ్లు. లేడి మాంసం పులుసు, ఉప్పునీళ్లలో ఉడికించిన ఆలుగడ్డలు తిన్నాక, చేతులు తుడుచుకుని ఆ బల్ల వెంట నడవడం పండగ. ఇది నడిమి ఫ్రేము, చిన్నదానిలా కనిపిస్తోందే అనేవాడొకడు. బుగ్గలు చూడు, ఫలానావాడి చెయ్యి అనేవాడింకొకడు. మా ఆడవాళ్లు కూడా ఫ్రేము చూసి చెక్కినవాడి పేరు చెప్పగలిగేవాళ్లు. పిట్టకాలు గుర్తు దగ్గర జనం కాస్త ఎక్కువసేపు ఆగేవాళ్లు.

తర్వాత బ్యాంకులు మూతపడ్డ రోజులొచ్చాయి. వేటకి తుపాకీ కొనేవాళ్లే కరువయ్యారు. కొన్న కొద్దిమందీ ఒక్క గొట్టంతో అయిదారు తూటాలు కాల్చే చవక తుపాకీల వైపు వెళ్లారు. ఫ్యాక్టరీలో మూడు రోజులే పని. అప్పుడు పనివాళ్ల మీద పెద్దగా ఉన్న హార్లన్ బెక్‌విత్ ఒక ఉపాయం కనిపెట్టాడు. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. మూడు సైజులు వద్దు, ఒక్క నడిమి సైజు ఉంచుదామన్నాడు. పన్నెండో నంబరూ దానిమీదే, ఇరవయ్యోదీ దానిమీదే. పన్నెండోది పెద్ద ఫ్రేము లేకుండానే తేలిగ్గా, నాజూగ్గా వస్తుంది. ఇరవయ్యోది కాస్త లావుగా ఉంటుంది గాని, పక్కలు లోపలికి చెక్కి, కింది అంచులు ఏటవాలుగా దించితే చూసేవాడి కంటికి చిన్న ఫ్రేములాగే ఉంటుంది. కన్ను మోసపోయేలా చెక్కాలంటే ఊళ్లో ఒక్కడే మనిషి.

చిన్న ఫ్రేము అచ్చులు పాత ఇనుములోకి వెళ్లిన రోజున, చివరగా వచ్చిన ఒక ఫ్రేముకి దస్తా తగిలించే తోక దగ్గర చిన్న పగులుంటే పక్కన పడేశారు. హార్లన్ దాన్ని తీసి, ఎవరూ చూడకుండా ఆర్లో అన్నం డబ్బాలో పెట్టాడు.

"పట్టుకెళ్లవయ్యా ఆర్లో. నువ్వు దాన్ని పారేసిన చోట చూడలేవు. నేను నిన్ను అక్కడ చూడలేను" అన్నాడు.

ఆ మంచితనం ఆయనలో నిజంగా ఉంది. ఆర్లో ఆ ముక్కను ఇంటి దగ్గర శనివారం సాయంత్రాలు కూర్చుని పూర్తిగా చెక్కి, తన గుర్తు కొట్టుకున్నాడు. పొద్దున్నే గుడ్డలోంచి తీసేది దాన్నే. అంతకు ముందు ఆ గుడ్డలో మామూలు ఫ్రేము ఒకటుండేది. దాన్ని ఫ్యాక్టరీకి తిరిగిచ్చేశాడు.

ఇంతలో అమ్మకాలవాళ్లు ఇంకో మాట మోసుకొచ్చారు. పోటీవాళ్ల తుపాకీల్లో గొట్టం గోడను ఆనుకునే చోట వెంట్రుకంత గీత కూడా కనిపించదట. మనది చూస్తే మూల దగ్గర వంపు తేలుతోందట. పాత పద్ధతిలో నేలా గోడా కలిసే మూలను ఆర్లో గుండ్రంగా వదిలేవాడు, గిన్నె అడుగులా. దానికి సరిపోయేలా గొట్టం చివరి అంచుని ఇంకొకడు చేత్తో వాల్చి చెక్కాలి. దానికి సగం పూట పట్టేది. మూలను పెట్టె మూలలా పదునుగా చెక్కేస్తే ఆ సగం పూట మిగులుతుంది, గీత సన్నబడుతుంది, చూడ్డానికి కత్తిలా ఉంటుంది.

హార్లన్ ఈ సంగతి చెప్పడానికి ఆర్లో బల్ల దగ్గరికే వచ్చాడు. ఆర్లో ఆకురాయి కింద పెట్టి విన్నాడు.

"పదును మూల చీలుతుంది, బ్రదర్ బెక్‌విత్" అన్నాడు. "అద్దం కోసేటప్పుడు గీత గీస్తాం చూడండి, అక్కడే విరగాలని. మనమే ఇనుముకి గీత గీసి ఇస్తున్నట్టు. పైగా పక్కలు పలచన చేశాం. పన్నెండో నంబరు దెబ్బ దానిమీద పడాలి."

"చీలిందా ఇంతవరకు?"

"ఇంతవరకు అలా చెయ్యలేదుగా."

హార్లన్ చాలాసేపు కిటికీలోంచి నదివైపు చూశాడు. వచ్చే నెల తలుపులు తెరిచి ఉంచాలంటే ఇదొక్కటే దారనీ, ఈ వరసలో పనిచేసేవాళ్ల ఇళ్లన్నీ తనకి తెలుసనీ, ఎవరింట్లో ఏం వండుకుంటున్నారో కూడా తెలుసనీ మెల్లగా చెప్పాడు. అందులో అబద్ధం లేదు. చివర, "నువ్వు చెక్కకపోతే ఇంకొకడు చెక్కుతాడు, ఆర్లో. నీకంటే చెడ్డగా చెక్కుతాడు" అన్నాడు.

ఆర్లో ఆకురాయి మళ్లీ తీసుకున్నాడు.

ఐడెల్లా తమ్ముడు మైలో గిబ్స్ పేపరు మిల్లులో పనిచేసేవాడు. నోరు పెద్దది, మనసు మంచిది. బావ చేతి తుపాకీ ఒకటి ఉండాలని చాలా ఏళ్లుగా అడుగుతున్నాడు. ఆ మరుసటి ఏడు శరత్కాలంలో ఆర్లో అతని కోసం పన్నెండో నంబరు ఫ్రేము ఒకటి తన వైస్‌లోకి తీసుకున్నాడు. మైలోది కాబట్టి మూల గుండ్రంగానే వదులుదామని మొదట అనుకున్నాడు. గొట్టం అంచు వాల్చేవాడికి సైగ చేస్తే ఒప్పుకునేవాడు. హార్లన్ చూసినా చూడనట్టు పోయేవాడేమో.

కానీ వేటవిందు దగ్గర పడుతోంది. కిందటేడు బల్లమీద అందరూ కొత్త పద్ధతి తుపాకీల దగ్గరే గుమిగూడారు. గీత కనిపించడం లేదని నోళ్లు తెరిచారు. పాతకాలపు గుండ్రటి మూల మైలో తుపాకీలో కనిపిస్తే, బావ చేతి పనితనం అయిపోయిందని అనుకుంటారనిపించింది ఆర్లోకి. ఇది మా ఊరివాడు మాత్రమే చెయ్యగల తప్పు. ఆ మూలను ఆయన తన జన్మలో అన్నిటికంటే పదునుగా చెక్కాడు. గోరు పెట్టినా ఆగనంత శుభ్రంగా వచ్చింది. పిట్టకాలు గుర్తు కొట్టాడు. ఆ ఏడు బల్లమీద జనం ఎక్కువసేపు నిలబడింది ఆ తుపాకీ దగ్గరే. మైలో ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి, "చేతులు కడుక్కుని ముట్టుకోండయ్యా, పెళ్లికూతురు" అని అందరినీ అదిలించాడు.

మరుసటి ఏడు సరస్సు ఒడ్డున, రెల్లులో కూర్చుని మైలో పెద్ద బాతుల మీద బరువు తూటాలు కాల్చాడు. ఎన్నోసారికో ఫ్రేము మూల దగ్గర చీలి, గోడ వెనక్కి ఒరిగింది. మంటా, తూటా ఇత్తడి తునకలూ వెనక్కి చిమ్మి కుడికంటిలో దిగాయి. చలిలో, రక్తంతో, రెల్లు పట్టుకుని తడుముకుంటూ అతను రోడ్డుదాకా వచ్చాడు. పాలబండివాడు దుప్పటి కప్పి ఆసుపత్రికి తీసుకుపోయాడు. కన్ను దక్కలేదు.

ఫ్యాక్టరీ తరఫున ఒకాయన వచ్చి ముక్కలు పరీక్షించాడు. గుర్తు ఎవరిదని అడిగి, ఆకురాయి జారి లోతుగా పోయిందని తేల్చాడు. చెక్కినవాడి అజాగ్రత్త అన్నాడు. ఆ గదిలో హార్లన్ కూడా ఉన్నాడు. నోరు విప్పలేదు. ఆర్లో ఆయన మొహంవైపు చూశాడు, ఆయన తన టోపీవైపు చూసుకున్నాడు. పదును మూలల పద్ధతి ఆ నెలే చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ అడగలేదు.

ఆర్లోని పనిలోంచి తీసెయ్యలేదు. హార్లన్ పట్టుబట్టి ఉంచాడట. పెట్టెలు కట్టే గదిలో, మేకులూ చీపురూ ఇచ్చి. ఇన్నేళ్లు ఆకురాయి పట్టిన చెయ్యి ఇక గడ్డి పరచి, దానిమీద ఇతరులు చెక్కిన తుపాకీలు పడుకోబెట్టేది.

ఇంటికొచ్చి ఐడెల్లాకి ఉన్నదున్నట్టు చెప్పాడు. రేపే వెళ్లి మైలోకి కూడా చెప్పేస్తానన్నాడు. ఆమె అప్పటికే మంచంలో ఉంది. రొమ్ములో గడ్డ, పట్నం ఆసుపత్రికి వారం వారం వెళ్లాలి. వాళ్లకి బండి లేదు. సరస్సు మీదనుంచి వచ్చే మంచు ఆ ఏడు కంచెలు మునిగేలా కురిసింది. ఆ మంచులో ప్రతి గురువారం పొద్దున్నే హార్లన్ తన కారు చక్రాలకి గొలుసులు కట్టుకుని, కొలిమిలో కాల్చిన ఇటుకలు గోనెలో చుట్టి ఆమె కాళ్లకింద పెట్టి, తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. దారిలో ఒక్క మాట మాట్లాడేవాడు కాదట. ఆమెకి వాంతి వస్తే కారాపి, తన మెడగుడ్డతోనే మూతి తుడిచేవాడట.

"ఆయన పేరు బయటపెట్టకు ఆర్లో" అంది ఐడెల్లా. "నా కాళ్లు వెచ్చగా ఉన్నాయంటే ఆ మనిషి వల్లే."

"మీ తమ్ముడికి కన్ను పోయింది."

"తెలుసు. నేను బతికున్నన్నాళ్లు చెప్పకు. తర్వాత నీ ఇష్టం."

హార్లన్ ఆ కారు జాలితో నడిపాడో, భయంతో నడిపాడో ఆర్లోకి తేలలేదు. రెండూ ఒకే మనిషిలో ఒకే సీటులో కూర్చుని ఉండొచ్చు. దేవుడు విడదీసి చూడగలడు, మనవల్ల కాదు. ఇటుకలు మాత్రం వెచ్చగానే ఉండేవి. ఐడెల్లా మంచు కరగకముందే పోయింది. సమాధి తవ్వడానికి నేల గడ్డకట్టి ఉంటే, ఆ గొయ్యికి ఫ్యాక్టరీ నుంచి పారలూ మనుషులనూ పంపింది కూడా హార్లనే. తర్వాత నీ ఇష్టం అని ఆమె అంది గాని, ఆ గొయ్యి చూశాక ఆర్లోకి నోరు రాలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఏళ్లు గడిపేశాడు.

ఆ ఏళ్లన్నిటిలోనూ నవంబరు వచ్చేది.

మైలో ఆ తుపాకీని పారెయ్యలేదు. ఏటా వేటవిందుకి తెచ్చి, అందరి తుపాకీల మధ్య బల్లమీద పెట్టేవాడు. గొట్టాలు ఒకపక్క. విరిగిన ఫ్రేము నేల పైకి కనిపించేలా, పిట్టకాలు దీపం వెలుగులో పడేలా తిప్పి. ఒక్క మాట అనేవాడు కాదు. పెట్టేసి, నల్లగుడ్డ కట్టిన కన్ను అటువైపుండేలా కూర్చుని తినేవాడు. ఆర్లో అదే హాల్లో కాఫీ పోసేవాడు. సంఘంలో అది ఎప్పటినుంచో ఆయన వంతు, మానేస్తే ఇంకా మాటొస్తుంది. బల్ల మొదట్లో నిలబడి భోజనానికి ముందు ప్రార్థన చేసేది హార్లన్. మా చేతులు చేసిన పనిని స్థిరపరచుము ప్రభువా అని ముగించేవాడు.

వెర్నా మాత్రం ఏటా ఒక పని చేసేది. తన యాపిల్ తీపిరొట్టె ఉన్న పళ్లేన్ని తెచ్చి, చోటు లేనట్టు, సరిగ్గా ఆ విరిగిన ఫ్రేము మీదే పెట్టేది. గుర్తు కనిపించకుండా. మైలో లేచి వచ్చి పళ్లెం జరిపేవాడు. ఆమె ఇంకో పళ్లెం తెచ్చేది.

"ఏం వెర్నా, ఊళ్లో బల్లలు తక్కువయ్యాయా?" అన్నాడొక ఏడు.

"నా రొట్టెకి మెత్తటి చోటు కావాలి మైలో. ఈ హాల్లో నీ ఇనుమే కాస్త మెత్తగా కనిపిస్తోంది."

జనం నవ్వారు. మైలో నవ్వలేదు. కాఫీ గిన్నెతో పక్కనే నిలబడ్డ ఆర్లోవైపు మొదటిసారి తిరిగి, "నాకూ పొయ్యి. చెయ్యి జారకుండా పొయ్యి" అన్నాడు. హాలు మొత్తం విన్నది. ఆర్లో పోశాడు. చుక్క కూడా సాసర్లో పడలేదు. హార్లన్ తలొంచుకుని ఆలుగడ్డ తొక్క తీస్తూ కూర్చున్నాడు. ఉప్పునీళ్లలో ఉడికిన మా ఆలుగడ్డలకి తొక్క ఎవరూ తియ్యరు.

యుద్ధం వచ్చి వెళ్లింది. ఫ్యాక్టరీ తుపాకీలు మానేసి ఏవో మరలు చేసి, అదీ మానేసి మూతపడింది. ఆర్లో ముసలివాడయ్యాడు. పొద్దున్నే బొటనవేలు మూలలోకి వెళ్లడం మాత్రం మానలేదు. వేళ్లని నిద్రలేపడానికి కాదిప్పుడు, వాటికిక పని లేదు. ఒకప్పుడు ఎలా చెయ్యాలో తెలిసి ఉండీ, చెయ్యలేదన్నది రోజూ ఒకసారి తాకి చూసుకోవడానికి.

ఈ అక్టోబరులో హార్లన్ బెక్‌విత్ నిద్రలో పోయాడు. చర్చి నిండిపోయింది. పాస్టరుగారు ఆయన చేసిన మేళ్లు ఒక్కొక్కటే చెప్పారు. అన్నీ నిజమే. కష్టకాలంలో ఫ్యాక్టరీని నిలబెట్టాడన్నారు, జబ్బుపడ్డవాళ్లని మంచులో తన కారులో మోశాడన్నారు. శవపేటిక మోసే ఆరుగురిలో ఒకడిగా ఆర్లోని ఉండమని హార్లన్ ముందే చెప్పి ఉంచాడట. కుటుంబంవాళ్లు అది గొప్ప గౌరవంలా చెప్పారు. ఆర్లో మోశాడు. గొయ్యి దగ్గర పెట్టె దించుతుంటే తాడు అరచేతిలో కోసుకుపోయింది. అందరికీ వినిపించేలా ఏదో ఒకటి అనాలనిపించింది. గట్టు మీద హార్లన్ కూతురు ఏడుస్తూ వచ్చి, ఆ చెయ్యి చూసి, తన చేతిరుమాలు కట్టింది. నోటిదాకా వచ్చింది మళ్లీ లోపలికే పోయింది. ఆ కుటుంబం జీవితమంతా ఆయన నోటికి కట్టింది అలాంటి రుమాళ్లే.

నిజం చెప్పమని అడుగుదామన్నా ఇక హార్లన్ లేడు. నిజం తెలిసిన రెండో నోరు మట్టిలోకి వెళ్లిపోయింది. మూడు రోజులు ఆర్లో పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, గుడ్డలో చుట్టిన ఫ్రేము కోటు జేబులో వేసుకుని, మిల్లు దాటి, నది ఒడ్డున మైలో ఇంటికి నడిచాడు. ఎన్నో ఏళ్లుగా ఆ గుమ్మం ఎక్కలేదు.

మైలో వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాడు. ఒక్క కన్నువల్ల దూరం అందక, ప్రతి కట్టెనీ ముందు చేత్తో తడిమి పెడుతున్నాడు. ఆర్లోని చూసి ఆగాడు గాని రమ్మనలేదు.

"అక్క సమాధి మీద రాయి ఒరిగిందని చెప్పడానికొచ్చావా? నేనే సరిచేశాను, పోయిన వారం" అన్నాడు.

"చూశాను. బాగా నిలబెట్టావు."

"మరి?"

ఆర్లో నిలబడే చెప్పాడు. ఫ్యాక్టరీ మనిషి చెప్పింది తప్పన్నాడు. తన ఆకురాయి జారలేదు, జీవితంలో ఎప్పుడూ జారలేదు. మూల అలా పదునుగా ఉండాలని ఆర్డరు వచ్చింది. చీలుతుందని తనకి తెలుసు, నోటితో చెప్పాడు కూడా. అయినా చెక్కాడు. అందరివీ చెక్కాడు. మైలోది మాత్రం గుండ్రంగా వదిలే వీలుండి కూడా, నలుగురూ మెచ్చుకోవాలని అన్నిటికంటే పదునుగా చెక్కాడు.

మైలో చేతిలో కట్టె అలాగే ఉంది.

"ఆర్డరు ఎవడిచ్చాడు?"

ఆర్లో టోపీ తీసి దానివైపు చూసుకున్నాడు.

"కారు నడిపినవాడేగా" అన్నాడు మైలో. "నిన్నగాక మొన్న వాడి పెట్టె మోశావు. అదే చర్చిలో నేను వాడికి పాట పాడాను." కట్టెను పేర్పు మీద పెట్టబోయి, అంచనా తప్పి, కింద పడేశాడు. తియ్యడానికి వంగలేదు. "అక్కకి తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దంది. ఆమె పోయాక చెప్పకపోవడం నాదే."

మైలో పడిన కట్టెను కాలితో పక్కకి తోశాడు.

"ఇన్నేళ్లూ నీ చెయ్యి జారిందనుకున్నాను" అన్నాడు మైలో చివరికి. "చెయ్యి ఎవడికైనా జారుతుంది. ఒక్కోసారి పడుకుని, పోనీలే, ముసలాడి చెయ్యి జారింది, ఈ ఏడు ఆ ఇనుము తీసుకెళ్లకుండా ఉంటే పోలా అనుకునేవాణ్ణి. ఇప్పుడొచ్చి జారలేదంటున్నావు. తెలిసే చేశానంటున్నావు. ఎందుకు చెప్పావయ్యా? జారిందనుకోవడమే నయంగా ఉండేది."

క్షమించమని అడుగుదామని ఆయన రాలేదు. దారిలో అడగాలనుకున్నాడేమో గాని, ఆ వాకిట్లో నిలబడ్డాక అది అడిగే వస్తువు కాదని అర్థమైంది. జేబులోంచి గుడ్డ తీసి విప్పాడు. చిన్న ఫ్రేము, మూల గుండ్రంగా, ఏళ్ల తరబడి వేలు రాసుకుని వెండిలా మెరుస్తోంది.

మైలో దాన్ని అందుకోలేదు. పొమ్మనీ అనలేదు. ఆర్లో ఒక అడుగు ముందుకేసి, దాన్ని కట్టెల పేర్పు మీద, మైలో చేతికి అందేచోట పెట్టాడు. దాని నేలమీది పిట్టకాలు గుర్తు పైకి ఉంది.

"నవంబరుకి నువ్వు నీది తీసుకెళ్తావుగా. తీసుకెళ్లు. గుర్తు పైకే పెట్టు. వెర్నా పళ్లెం పెడితే జరిపెయ్యి" అన్నాడు. "ఒక్క సాయం అడుగుతాను మైలో. దాని పక్కన దీన్ని కూడా పెట్టు. రెండూ నావే. వచ్చినవాళ్లని రెండు మూలల్లోనూ వేలు పెట్టి చూడమను."